షోకేసులో ఎలీసమ్మ

“లేమ్మా, లే. ఒంటిగంటన్నర బస్సు పోతే మళ్లీ మూడింటి దాకా పేటకి బస్సు లేదు. అక్కడ కనిగిరి బస్సు మారాలి.”

ఇషాక్ ఈ మాట అనడం ఇది నాలుగోసారి. సంచి కూడా తనే సర్దాడు. రెండు తెల్లచీరలు, బైబిలు, బీపీ మాత్రలు, ఫోను చార్జరు. ఆ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, తల్లి లేవడమే ఆలస్యం అన్నట్టు.

ఎలీసమ్మ మంచం మీంచి కదల్లేదు.

“కనిగిరిలో ఇప్పుడు నాకేం పనిరా?”

“పని ఉంటేనే పోవాలా? పిన్ని ఎన్నాళ్లనుంచో రమ్మంటోంది. పది రోజులుండి రా.”

“పోయినేడు పోతానంటే కల్లాలు అయినాక పోదువులే అన్నావు. ఇప్పుడు కల్లాల మీద మిరపకాయ కుప్పలుగా ఉంది. తొడిమలు తీసే మనిషి దొరక్క రైతులు ఇంటింటికీ తిరగతన్నారు. ఇప్పుడు పొమ్మంటన్నావు. ఏందిరా నీ తొందర?”

“పొద్దున్నుంచి చూడలేదా ఎంతమంది వచ్చారో! ఇంకా వస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ నువ్వు బతికే ఉన్నావని చెప్పుకుంటూ కూర్చోవాలా నేను?”

“నువ్వు చెప్పేదేంది? నేనే కనపడతన్నాగా.”

వంటింటి గడప మీద కూర్చుని చిక్కుళ్లు తుంచుతున్న కోడలు లిడియా ఆ మాటకి తలెత్తింది. నవ్వొచ్చినట్టుంది. మొగుడి మొహం చూసి మళ్లీ వంచేసింది.

జనం వచ్చిన మాట నిజమే. ఏడు కొట్టేసరికి జోహరాబీ వీధి మొదట్నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఎలీసమ్మ పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీసిన మనిషి. ఆమె వచ్చేసరికి ఎలీసమ్మ పెరట్లో ఎండుచేపలు కడుగుతోంది. జోహరాబీ అక్కడే కూలబడిపోయి, ఏడుపు ఆపుకోలేక, నవ్వు ఆపుకోలేక, “నీ దుంపతెగ! పోయావనుకుని టీ కూడా తాక్కుండా పరిగెత్తుకొచ్చానే” అని వీపు మీద రెండు చరిచి, ఆ టీ ఏదో ఇక్కడే తాగి వెళ్లింది. తర్వాత సంఘ కాపరి జక్రయ్యగారు ఫోను చేశారు. భూస్థాపన ఎన్నింటికి పెట్టుకుందామని అడిగారు. “ఎవరిదయ్యగారూ?” అంది ఎలీసమ్మ. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఏ ప్రార్థన చేయాలో పాపం ఆయనకి తోచి ఉండదు.

ఇదంతా ఒక్క ఫోటో చేసిన పని. సెంటర్లో మాలిక్ స్టూడియో షోకేసులో మూడు రోజులుగా ఎలీసమ్మ ఫోటో ఉంది. నిలువెత్తు అద్దం అంత పెద్దది, నలుపు తెలుపుల్లో. మన పల్లెల్లో ఒక చట్టం ఉంది, ఏ అసెంబ్లీ చేసిందో తెలియదు. బతికున్నవాళ్ల ఫోటో రంగుల్లో ఉండాలి. నలుపు తెలుపుల్లో ఉంటే ఆ మనిషి పోయినట్టే. ఫ్లెక్సీ వేసేవాడు కూడా పుట్టినరోజుకైతే మనిషికి లేని ఎరుపు పూస్తాడు, చావుకైతే ఉన్న రంగు లాగేస్తాడు. అంచేత బస్సులోంచి షోకేసు చూసిన ఎవరో పుణ్యాత్ముడు దాన్ని ఫోనులో పట్టి, కింద జోడించిన చేతుల బొమ్మ పెట్టి, వాట్సాప్‌లో వదిలాడు. నిన్న సాయంత్రానికి ప్రత్తిపాడంతటా ఎలీసమ్మ చచ్చిపోయింది, ఒక్క ఎలీసమ్మ ఇంట్లో తప్ప.

“అమ్మా, బతిమాలుతున్నా,” అన్నాడు ఇషాక్.

ఎలీసమ్మ కొడుకుని ఎగాదిగా చూసింది. వీడికి కోపం వస్తే అరుస్తాడు. భయం వేస్తేనే ఇలా మెత్తబడతాడు.

“ఆ ఫోటో నీకు నచ్చలా. తీయించెయ్యమను. ఆ మాట అనకుండా నన్ను ఊరు దాటిస్తావేంది?”

“ఫోటో సంగతి కాదు.”

“మరి? ఇయ్యాల స్కూలుందిగా, ఎందుకు పోలా?”

“సెలవు పెట్టా.”

“ఎందుకు పెట్టావు?”

లిడియా చిక్కుళ్ల చేట పక్కన పెట్టింది.

“చెప్పండి,” అంది మొగుడితో.

“నువ్వు లోపలికి పో.”

“లోపలే ఉన్నా. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో లిడియా గొంతు ఇంత గట్టిగా వినపడింది లేదు. చేతులు కొంగుకి తుడుచుకుని లేచి నిలబడింది.

“నిన్న స్కూల్లో సార్లందరూ ఫోనులో ఆ ఫోటో చూశారంట అత్తయ్యా. మీ అమ్మగారా మాస్టారూ అని అడిగారంట. ఈయన కాదన్నారంట. మా అమ్మకి అక్క, మా పెద్దమ్మ, మొన్న పోయింది అని చెప్పారంట. నాలుగున్నరకి స్టాఫంతా పలకరించడానికి వస్తన్నారు.”

ఎలీసమ్మ కొడుకు వైపు తిరిగింది. “నాకు అక్కెక్కడ్నుంచి వచ్చిందిరా? మా ఇంట్లో పెద్దదాన్ని నేనే కదా.”

“ఏం చెప్పమంటావు మరి?” ఇషాక్ సంచి కింద పడేశాడు. “తొమ్మిదిమంది ఫోను చుట్టూ మూగి చూస్తున్నారు. ఆ పెదాలకి రంగేంటి, ఆ జుట్టేంటి, ఆ నవ్వేంటి! మా అమ్మ తెల్లచీర తప్ప కట్టదు, బైబిలు తప్ప పట్టుకోదని పదకొండేళ్లుగా చెప్పుకున్నా వాళ్లకి. చేరిన కొత్తలో కూలిదాని కొడుకని నన్ను కూర్చోమన్నవాడు లేడు. ఇప్పుడిప్పుడే మాస్టారూ అంటున్నారు. మీ అమ్మగారు సినిమాల్లో చేస్తారా అని ఒకడు నవ్వితే నేనేం చెప్పాలి?”

“చేస్తదని చెప్పాల్సింది.”

“నీకన్నీ వేళాకోళమే!”

“వేళాకోళం కాదురా. కడుపు మండతంది నాకు.”

నిజంగానే మండింది. పొద్దున్నుంచి ఊరు ఊరంతా ఆమెని చంపుతుంటే ఎలీసమ్మ పగలబడి నవ్వింది. ఊరికి తెలియక చేసింది. వీడికి తెలుసు. తెలిసి, తొమ్మిదిమంది ముందు నిలబడి, ఈమె మా అమ్మ కాదు అన్నాడు. ఆ ముక్క గొంతు దిగడం లేదు ఆమెకి.

గోడ మీద పిచ్చయ్య ఫోటో ఉంది. ఎలీసమ్మ మొగుడు. పోయి ఆరేళ్లయింది. బతికుండగా ఓటరు కార్డుకి తప్ప ఫోటో దిగని మనిషి. జ్ఞాపకార్థ కూడికకి ఫోటో కావాలంటే ఇషాక్ గుంటూరు తీసుకెళ్లి ఆ కార్డులో ముఖాన్ని పెద్దది చేయించాడు. ఫోటోవాడు తల కత్తిరించి ఎవరి ఒంటికో అతికించాడు. నల్లకోటు, చారల టై. చొక్కా పైగుండీ కూడా పెట్టుకోలేని మనిషికి! వచ్చినవాళ్లంతా ఎంత దర్జాగా ఉన్నాడో అన్నారు. ఆ రోజు ఎలీసమ్మకి ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు. కోటులో ఉన్నది ఎవరో ఆమెకి తెలియదు. నా ఫోటో మాత్రం ఊపిరుండగా నేనే దిగుతాను అని అప్పుడే మనసులో అనేసుకుంది.

“మీ నాన్నకి కోటు తొడిగావు. నోరెత్తలా నేను,” అంది. “ఇప్పుడు నన్ను ఏకంగా పాడె ఎక్కించావు.”

“ఒక్క పూట సంగతమ్మా ఇది! వాళ్లొచ్చి పోతారు. తర్వాత ఎవరూ అడగరు.”

ఎలీసమ్మ లేచింది. కింద పడ్డ సంచి తీసుకుని చెప్పులేసుకుంది.

“బస్టాండు దాకా బండి మీద దింపుతా,” అన్నాడు ఇషాక్ గబగబా. గొంతులో బరువు దిగిపోయిన సంగతి దాచుకోలేకపోయాడు.

“నడుస్తా. కాళ్లు ఇంకా నావే.”

*

పేట బస్సు ఆగే ఉంది. కండక్టరు పిలిచాడు కూడా. ఎలీసమ్మ అటు చూడకుండా రోడ్డు దాటి మాలిక్ స్టూడియో ముందు ఆగింది.

షోకేసు అద్దం కింద ఎవరో బంతిపూలు పెట్టి పోయారు. పక్కన అరటిపండులో గుచ్చిన అగరొత్తి. క్రైస్తవురాలికి అగరొత్తి ఏమిటని ఆ భక్తుడు ఆలోచించలేదు. చావు ఎవరిదైనా చావేగా.

పూల వెనక ఎలీసమ్మ నవ్వుతోంది. చుట్టూ చిమ్మచీకటి లాంటి నలుపు. పైనుంచి వెలుగు నుదుటి మీద, చెంపల మీద పడి జారింది. అలలు తిరిగిన జుట్టు, భుజాల చుట్టూ నల్ల మఖ్మలు గుడ్డ, చెంపకి ఆనించిన చెయ్యి. కళ్లు తడిగా మెరుస్తున్నాయి. అరవై నాలుగేళ్ల మనిషే, వయసు దాచలేదు. కానీ ఆ మనిషి ముందు ఎవరైనా కాస్త సర్దుకుని నిలబడాల్సిందే.

“పిన్నీ!” షహనాజ్ తలుపు తోసుకుని బయటికొచ్చింది. “లోపలికి రా ముందు. ఎండలో ఏంటది?”

షహనాజ్ మాలిక్ కూతురు. తండ్రి పోయాక స్టూడియో మూసేసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకోమని అన్నదమ్ములు చెప్పారు. ఆమె అటక మీంచి తండ్రి పాత లైట్లు దింపింది. పెళ్లిళ్లకి డ్రోన్లు ఎగరేసేవాళ్లు మండలానికి నలుగురున్నారు, నేను నాన్న చేసిన పని చేస్తాను అంది. ఆ పని ఏమిటంటే, పాత రోజుల తారల్లాగా, ఒక్క లైటు కింద ఒక్క మనిషిని కూర్చోబెట్టి నలుపు తెలుపు ఫోటో తీయడం.

“‘ఈమె బతికే ఉన్నారు’ అని కాయితం రాసి అంటిద్దామనుకున్నా పిన్నీ. మరీ బాగుండదని ఆగా. తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్తా.”

“నేనన్నానా?”

“అనలేదనుకో.”

“మరి ఊరుకో.”

లోపల అదే ఎత్తుపీట ఉంది. పది రోజుల కిందట ఎలీసమ్మ దాని మీదే గంటసేపు బిగుసుకుని కూర్చుంది, ఆధారు కార్డుకి కూర్చున్నట్టు. షహనాజ్ లైటు ఇంచీ ఇంచీ జరుపుతూ, “గడ్డం పైకి పిన్నీ. ముక్కు కింద నీడ చిన్న సీతాకోకచిలుకలాగా పడాలి. అది కుదిరితే ఎవరైనా తారే అనేవాడు మా నాన్న” అని ఒకటే సణుగుడు. చెయ్యి చెంపకి ఆనించమంది. ఎలీసమ్మ కల్లం నుంచి వచ్చి సబ్బుతో, మజ్జిగతో, కొబ్బరినూనెతో మూడుసార్లు కడుక్కుంది గానీ, ముప్ఫై ఏళ్ల కారం మూడు కడుగులకి పోతుందా? చిటికెనవేలు కంటికి తగిలింది. అంతే, నిప్పు పడ్డట్టయింది.

“కారం తల్లీ కారం! చచ్చాను!” అని అరిచి, కళ్లు తుడుచుకుందామంటే ఉన్నవి ఆ చేతులే అని గుర్తొచ్చి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, ఏం చెయ్యాలో తెలియక ఎలీసమ్మ నవ్వడం మొదలుపెట్టింది. “అట్లాగే ఉండు పిన్నీ, చెయ్యి చెంప మీదే ఉంచు!” అని షహనాజ్ పీట చుట్టూ గెంతింది. షోకేసులో ఉన్నది ఆ నవ్వే.

తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని ముడతలు తీసెయ్యనా అని అడిగింది షహనాజ్. ఎలీసమ్మ కాసేపు ఆలోచించి, “నుదుటి మీదవి తీసెయ్. అవి మా ఆయన పెట్టినవి. కళ్ల పక్కవి ఉంచు. అవి నేను నవ్వి తెచ్చుకున్నవి” అంది.

“ఒక్కటి మాత్రం నాకు సంతోషమేసింది పిన్నీ,” షహనాజ్ మంచినీళ్ల గ్లాసు అందించింది. “పొద్దున్నే ఇషాకన్న వచ్చి ఇంకో ప్రింటు అడిగాడు. ఇంట్లో పెట్టుకోవడానికంట. ఫ్రేము కట్టి ఇచ్చా.”

గ్లాసు ఎలీసమ్మ నోటి దాకా వెళ్లలేదు.

“ఏం ఫ్రేము?”

“నల్లది. అదే కావాలన్నాడు.”

ఎలీసమ్మ పీట మీద కూలబడి ఉన్నదంతా చెప్పింది. లేని అక్క సంగతి, నాలుగున్నరకి రాబోయే సార్ల సంగతి, సంచిలో సర్దిన తెల్లచీరల సంగతి. పలకరింపుకి వచ్చినవాళ్లకి కుర్చీలో ఒక ఫోటో కావాలి కదా. చిత్రం ఏమిటంటే, వాడికి ఆ ఫోటో నచ్చలేదని కాదు. బతికున్నదానిగా నచ్చలేదు.

షహనాజ్ మొహం ఎర్రబడింది. “నేను తీసిన ఫోటోకి దండ వేస్తాడా! పద, నేనూ వస్తా.”

“నువ్వొద్దు. నువ్వొస్తే అది ఫోటో గొడవైద్ది. ఇది నాది.” ఎలీసమ్మ అద్దం వైపు తిరిగింది. “ఆ రోజు చేసినట్టే నా మొహం చెయ్యమ్మాయ్.”

“ఆ రంగులు లైటు కోసం పిన్నీ. నీ పెదాలకి వేసింది ఎరుపు కాదు, వంకాయరంగు. మొహానికి బూడిదరంగు పౌడరు. ఫోటోలో వెన్నెలలాగా ఉంటది గానీ, ఎండలోకి పోయావంటే శవం లేచొచ్చిందని నిజంగానే పరిగెత్తుతారు.”

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక ఎలీసమ్మ కళ్లు తుడుచుకుంది. ఈసారి కారం లేదు, అయినా తుడుచుకోవాల్సి వచ్చింది.

“వద్దులే. ఈ మొహంతోనే పోతా. జుట్టు మాత్రం ఆ రోజులాగా దువ్వు.”

షహనాజ్ దువ్వింది. తన అన్నంలో సగం పెట్టింది. నాలుగు దాటాక గుమ్మం దాకా వచ్చి, అడగనా వద్దా అని ఆగి, అడిగేసింది.

“ఇషాకన్న ఇంట్లోంచి పొమ్మంటే?”

“పోతా. చచ్చినదాన్లా దొడ్డిదారిన మాత్రం పోను.”

*

ఇంటి ముందు ఆరు మోటారుసైకిళ్లు ఉన్నాయి. ఎలీసమ్మ చెప్పులు విడిచి సరాసరి ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్లింది.

ప్రార్థనా మందిరం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీల్లో టీచర్లు కూర్చున్నారు. ఎదురుగా ఎత్తైన కుర్చీ, దాని మీద ఇస్త్రీ చేసిన తెల్లదుప్పటి, దుప్పటి మీద నల్ల ఫ్రేములో ఆమె. మెడలో గులాబీల దండ, అటూ ఇటూ కొవ్వొత్తులు. ఇషాక్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఎంత కళగల మనిషండీ,” అంటున్నారు హెడ్మాస్టరు గారు. “పెద్ద వయసు కూడా కాదు. ఇలాంటి మనిషి మీ కుటుంబంలో ఉన్నారని ఒక్కసారి కూడా చెప్పలేదేం మాస్టారూ?”

“చెప్పే సందర్భం రాలేదండి,” అన్నాడు ఇషాక్. అని తలెత్తాడు.

తల్లిని చూశాడు. గోడకి ఆనుకున్నాడు. టీచర్లు ఒక్కొక్కరే తిరిగి చూశారు. ఎలీసమ్మని చూసి ఫోటోని చూశారు. ఫోటోని చూసి మళ్లీ ఎలీసమ్మని చూశారు.

హెడ్మాస్టరు గారు మర్యాదస్తుడు. చప్పున లేచి నమస్కారం పెట్టారు. “మాస్టారి అమ్మగారు కదూ? అక్కాచెల్లెళ్లది అచ్చు ఒకటే పోలికమ్మా! తోడబుట్టినావిడ పోతే ఎంత బాధో మాకు తెలుసు.”

ఇషాక్‌కి పోయిన ఊపిరి తిరిగొచ్చింది. దారి హెడ్మాస్టరు గారే చూపించారు. ఎలీసమ్మ అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఊరకే తల వంచుకుని నిలబడితే చాలు. కొడుకు కళ్లు ఆమెని అదే అడుగుతున్నాయి. పలక పట్టుకుని మొదటిరోజు బడికి పోతూ చెయ్యి వదలొద్దని ఏడ్చినప్పుడు కూడా ఇలాగే చూశాడు. ఆమెకి జాలేసింది. కన్నకొడుకు కదా, ఎందుకు వెయ్యదు? ఈ ఒక్క మాట మింగితే వాడి పదకొండేళ్లు నిలబడతాయి. మింగడం ఆమెకి కొత్త కూడా కాదు.

కానీ ఎదురుగా ఆ ఫోటోలో ఎలీసమ్మ కులాసాగా నవ్వుతోంది. దానికి దండ వేసి కొవ్వొత్తులు పెట్టారు.

ఆమె కుర్చీ దగ్గరికి నడిచింది. రెండు కొవ్వొత్తులూ ఊదేసింది. ఫ్రేము మీంచి దండ జాగ్రత్తగా, ఒక్క రెక్క రాలకుండా తీసింది.

“కూర్చోండి సారూ. ఎండనపడి వచ్చారు, టీ తాగి పోదురు,” అంది హెడ్మాస్టరు గారితో. టీ గ్లాసుల పళ్లెంతో వంటింటి గుమ్మంలోకి వచ్చిన లిడియా అక్కడే ఆగిపోయింది.

ఎలీసమ్మ కొడుకు వైపు తిరిగి దండ చాచింది.

“ఇంతమంది అభిమానపడి తెచ్చారు, ఉత్తినే పోనియ్యకూడదు. పట్టుకో. పోయినామె ఎవరో నువ్వే చూసి మెళ్లో ఎయ్యి.”

“అమ్మా...” అన్నాడు ఇషాక్.

“ఆ మాట నాకు కాదురా. వాళ్లకి చెప్పు.”

దండ ఇషాక్ చేతుల్లోకి వచ్చింది. అతను తల్లి మొహం చూశాడు. ఎలీసమ్మ మెడ వంచలేదు, వెనక్కీ తగ్గలేదు.

హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి, ఫోటో దగ్గరగా వెళ్లి, వంగి చూశారు. తర్వాత మెల్లగా ఇటు తిరిగారు.

“ఇషాక్ మాస్టారూ,” అన్నారు. “ఇంతకీ ఎవరండీ పోయింది?”